లేని బూట్లకు లేసులు: జైలుకు చేరిన ఒక మాజీ సైనికుడి కేసు

నేను మానసిక ఆరోగ్య రంగంలో సామాజిక కార్యకర్తను. గోదావరి డెల్టాలోని సబ్‌జైళ్లకు, ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థ తరఫు న్యాయవాదులతో కలిసి వెళ్తుంటాను. ఈ కేసు గురించి రాయడానికి నిందితుడు, ఆయన భార్య, ఆయన చేతిలో దెబ్బతిన్న యువకుడు ముగ్గురూ ఒప్పుకున్నారు. ఊరి పేరు, యూనిట్, వయసు రాయడం లేదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. నిందితుడిని హవల్దారుగారు అని పిలుస్తాను. ఊళ్లో ఆయన్ని ‘మిలిటరీ ఆయన’ అంటారు.

నేపథ్యం

గోదావరి జిల్లాల నుంచి సైన్యంలోకి వెళ్లడం కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఈనాటికీ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఊళ్లో పుట్టినవాడికి ఇంటికి తిరిగి వచ్చాక మాట కలిపే తోటివాళ్లు అరుగరుగునా ఉంటారు. హవల్దారుగారిది అలాంటి ఊరు కాదు. సముద్రానికి దగ్గరగా కొబ్బరితోటలు, వరిచేలు, వాటి మధ్య ఏటా పెరుగుతున్న రొయ్యల చెరువులు ఉన్న పల్లె. అక్కడి నుంచి సైన్యానికి వెళ్లిన వాళ్లలో ఆయన ఈడువాళ్లు ఇద్దరే. ఒకరు చనిపోయారు, ఒకరు హైదరాబాదులో స్థిరపడ్డారు.

ఆయన 24 ఏళ్లు పనిచేశారు. అందులో రెండు విడతలు సైన్యంలోని ఉగ్రవాద వ్యతిరేక దళమైన రాష్ట్రీయ రైఫిల్స్‌లో, కశ్మీర్ లోయలో. పదవీ విరమణ తర్వాత సొంత లైసెన్సు తుపాకితో ఒక బ్యాంకులో కాపలా ఉద్యోగం చేశారు. కాంట్రాక్టు మారినప్పుడు ఆ పని పోయింది. తండ్రి నుంచి వచ్చిన ఎకరన్నర చేను సాగుచేసుకుంటూ ఉన్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టక తాగుడు పెరిగింది. భార్య మాటల్లో చెప్పాలంటే, ‘రెండింటికి లేస్తారు. టార్చిలైటు పట్టుకుని దొడ్డి చుట్టూ, రోడ్డు దాకా తిరిగొస్తారు. ఏమిటని అడిగితే గస్తీ అంటారు. నవ్వుతూ అంటారు కాబట్టి నేనూ నవ్వాను.’

చేను పక్క పొలాన్ని వేరే ఊరి ఆసామి కౌలుకు తీసుకుని వనామి రొయ్యల చెరువు తవ్వించారు. ఉప్పునీరు గట్టు కిందుగా చేలోకి ఊరుతోందని, పంట బోదెలోకి వదులుతున్నారని హవల్దారుగారు రెండుసార్లు అర్జీలు పెట్టారు. జవాబు రాలేదు. చెరువు మీద రాత్రంతా నీటికి గాలి పట్టించే ఏరేటర్ల హోరు ఉంటుంది. తెల్లవారుజామున నీటికాకులు, కొంగలు రొయ్యల మీద వాలకుండా బాణసంచా కాలుస్తారు. డెల్టాలో చెరువులున్న చోట ఇది రోజూ వినిపించే చప్పుడే.

2024 నవంబరులో, సార్వా కోతలకు ముందు, ఒక శనివారం తెల్లవారుజామున ఆ టపాకాయలు పేలాయి. అప్పటికే చేలో సగం కంకులు తాలుపోయి ఉన్నాయి. హవల్దారుగారు పార కామ పట్టుకుని గట్టు దాటి వెళ్లి, చెరువు కాపలా యువకుడిని కొట్టారు. ఒక దెబ్బ తలను ఒరుసుకుపోయింది. రెండోది ముంజేతి ఎముక విరగ్గొట్టింది. తల మీద కొట్టాడు కాబట్టి పోలీసులు మొదట హత్యాయత్నం సెక్షన్ కింద కేసు కట్టారు. రిమాండు పడింది. తుపాకి ఆ రోజు ఇంట్లోనే ఉంది. దాన్ని స్టేషన్‌లో జమ చేయించుకున్నారు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

సోమవారం ఉదయం న్యాయవాది నాకు ఫోను చేశారు. ‘కొత్త ముద్దాయి ఒకాయన వకాలత్‌నామా మీద సంతకం పెట్టలేకపోతున్నాడు. నటిస్తున్నాడని ఇక్కడివాళ్లు అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. మీరొకసారి చూడండి.’

నేను వెళ్లేసరికి ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. ఎదురుగా స్టీలు గ్లాసు, చుట్టూ ఒలికిన టీ. ఆయన చేతివేళ్లు మాత్రం ఆగకుండా పనిచేస్తున్నాయి. వట్టి పాదాల మీదికి వంగి, కనబడని తాళ్లను చిన్న చిన్న రంధ్రాల్లోంచి లాగుతున్నట్టు, బిగించి ముడివేస్తున్నట్టు, మళ్లీ మొదటినుంచి. చాలాసేపు చూస్తే గాని అర్థం కాలేదు. బూట్ల లేసులు కడుతున్నారు. పేరు అడిగాను. హిందీలో నంబరు, ర్యాంకు, పేరు చెప్పారు. ఏ ఊళ్లో ఉన్నామని అడిగితే చెప్పలేకపోయారు.

భార్యకు ఫోను చేసి ఒకే ప్రశ్న అడిగాను: చివరిసారి ఎప్పుడు తాగారు? శుక్రవారం రాత్రి 10 గంటలకు. అప్పటికి 61 గంటలు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజులకు వచ్చే సన్నిపాతం (డెలీరియం) ఇది. చేతులు వణకడం, చెమటలు, లేనివి కనబడటం, అలవాటైన పనిని గాలిలో చేస్తూ ఉండటం దాని గుర్తులు. చూడకుండా వదిలేస్తే ప్రాణం పోవచ్చు. ఆ లేసుల్ని యుద్ధం తాలూకు గాయమని అనుకుని ఉంటే, కౌన్సెలింగ్ అంటూ కూర్చుని ఉంటే, విలువైన గంటలు పోయేవి. అందుకే ఆ పూట సైన్యం ఊసెత్తలేదు. వైద్యాధికారికి కాగితం మీద గంటలు లెక్కవేసి రాసి ఇచ్చాను. మధ్యాహ్నానికి ప్రభుత్వ ఆసుపత్రికి తరలించారు. మత్తు దిగే మందులు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లతో ఆరు రోజులకు మనిషి మనిషయ్యారు.

ఇక్కడ ఒక మాట. రిమాండుకు వచ్చిన ప్రతి ఒక్కరినీ జైలు గేటు దగ్గర అడగవలసిన మొదటి ప్రశ్న ‘చివరిసారి ఎప్పుడు తాగారు’ అన్నదే. శనివారం రోజే ఎవరైనా అడిగి ఉంటే ఆయన ఆ స్థితికి వెళ్లేవారు కాదు.

తప్పుదారి పట్టిన మొదటి ప్రయత్నం

ఈ కేసులో నేను చేసిన పెద్ద తప్పు ఆసుపత్రిలో ఐదో రోజున జరిగింది. బెయిలు పిటిషన్‌కు జతచేయడానికి న్యాయవాది నివేదిక అడిగారు. ఒక్క సంభాషణ, అదీ మందుల మగతలో ఉన్న మనిషితో. దాన్ని పట్టుకుని, యుద్ధానుభవం వల్ల కలిగిన మానసిక రుగ్మత ప్రభావంతో ఈ ఘటన జరిగి ఉండవచ్చని రాశాను. రాష్ట్రీయ రైఫిల్స్, టపాకాయల చప్పుడు, నిద్రలేమి: కథ అతికినట్టు సరిపోయింది. అంత చక్కగా సరిపోయినప్పుడే అనుమానించి ఉండాల్సింది.

ప్రాసిక్యూటర్ ఆ నివేదికనే తిప్పి కొట్టారు. చప్పుడు వినగానే అదుపు తప్పే మనిషికి తుపాకి లైసెన్సు ఉంది, చెరువు ఆయన ఇంటికి కూతవేటు దూరంలో ఉంది, ఇలాంటి వ్యక్తిని ఎలా విడుదల చేస్తారని అడిగారు. ఆ వాదనలో న్యాయం ఉంది. బెయిలు రాలేదు. హవల్దారుగారు అంతకంటే ఎక్కువ బాధపడ్డారు. ‘నేను కొట్టాను. ఎందుకు కొట్టానో నాకు తెలుసు. మీరు నన్ను పిచ్చివాణ్ని చేసి కాగితం మీద రాశారమ్మా’ అన్నారు. చట్టపరంగా కూడా ఆ దారి ఎటూ పోదు. తాను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో తెలియనంతగా మతి చలించి ఉంటే తప్ప, మతిస్థిమితం లేనివారికి మినహాయింపు ఇచ్చే భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ వర్తించదు. ఆయనకు అంతా తెలుసు.

రెండో పిటిషన్‌లో రోగం పేరు ఒక్కటి కూడా లేదు. నది అవతల ఉన్న అక్కగారి ఇంట్లో ఉంటారు. తుపాకిని వెనక్కి అడగరు. ఫలానా తేదీల్లో డాక్టరు దగ్గరికి వెళ్తారు, ఆ చీటీలు కోర్టుకు ఇస్తారు. చెరువు వైపు రారు. మూడు పేరాలు, అంతే. 19వ రోజున బెయిలు వచ్చింది. మనిషి ఎందుకిలా అయ్యాడన్నది మెజిస్ట్రేటు అడగడం లేదు. రేపు ఉదయం ఎక్కడ ఉంటాడని అడుగుతున్నారు. దానికి జవాబు సిద్ధం చేయడం మన పని.

బెయిలు తర్వాత ఫలించనివి

తాగుడు మాన్పించడానికి ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్పించాం. గది తలుపులకు బయట తాళం. ఉదయాన్నే వరుసలో నిలబడి తమ తప్పులు గట్టిగా చెప్పుకోవాలి. 20 ఏళ్ల కుర్రవాళ్ల మధ్య ఈయన. ఆరో రోజు సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చేశారు. సహకరించని రోగి అని ఆ కేంద్రం రాసింది. నేను వెళ్లి చూశాక ఆ మాట ఒప్పుకోలేకపోయాను. జైలు నుంచి వచ్చిన మనిషిని మళ్లీ తాళం వెనక పెట్టాలన్న ఆలోచనే మాది తప్పు.

రెండోది, వారానికోసారి స్టేషన్‌లో సంతకం చేయాలన్న షరతు. ఆయన సరిగ్గా 10 గంటలకు, ఇస్త్రీ చొక్కాతో వెళ్లేవారు. సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టేవారు. వరసగా మూడు వారాలు స్టేషన్ నుంచి నేరుగా మద్యం దుకాణానికి వెళ్లారని తర్వాత తెలిసింది. దీనికి మందు డాక్టరు దగ్గర లేదు. స్టేషన్ అధికారిని కలిసి, రాగానే సంతకం పెట్టించి పంపమని అడిగాను. ఆయన మంచి మనిషి. అలా కూర్చోబెడుతున్నారని తనకు తెలియదన్నారు. మరుసటి వారం నుంచి పది నిమిషాల్లో పని అయిపోయేది.

మూడోది పెన్షన్. పెన్షనరు బతికే ఉన్నట్టు ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం గడువు ఆయన లోపల ఉన్నప్పుడు దాటిపోయింది. రక్షణ శాఖ పెన్షన్లు నడిపే స్పర్శ్ పోర్టల్‌లో పెన్షన్ ఆగిపోయింది. కేసు వల్లే ఆపేశారని భార్యాభర్తలిద్దరూ నమ్మారు. సిగ్గుతో ఎవరినీ అడగలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. నాకు ఈ సంగతి తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి. నేను మానసిక స్థితి గురించి ఎన్నో ప్రశ్నలు అడిగాను గాని, ఈ నెల పెన్షన్ పడిందా అని అడగలేదు.

ఫలించినవి

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి నేను వెళ్లింది ఆ పెన్షన్ కోసమే. అక్కడ ఒక రిటైర్డ్ సుబేదారు పరిచయమయ్యారు. హవల్దారుగారి సంగతి విని ఆయన యుద్ధం గురించో తాగుడు గురించో మాట్లాడతారేమోనని అనుకున్నాను. అక్కగారి ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, ‘నీ డిశ్చార్జి బుక్కు ఎక్కడుందిరా, తీసుకురా’ అన్నారు. హవల్దారుగారు ‘ఉంది సాబ్’ అంటూ లేచి నిలబడ్డారు. మూడు నెలల్లో ఆయన అంత చురుగ్గా లేవడం నేను చూడలేదు.

జీవన ప్రమాణ పత్రం అక్కడే తయారైంది. వేలిముద్ర పడాలంటే వేళ్లు వణుకుతున్నాయి. సుబేదారుగారు తన ఫోనులో ముఖ గుర్తింపు తెరిచి, కొబ్బరిచెట్టు నీడలో నిలబెట్టి, ‘రెప్ప ఆర్పు’ అన్నారు. రెండు ప్రయత్నాల్లో అయిపోయింది. పెన్షన్ బకాయిలతో సహా తిరిగి వచ్చింది. వెళ్లేముందు సుబేదారుగారు చేయి చాపి మిలిటరీ క్యాంటీన్ లిక్కర్ కార్డు అడిగారు. భార్య ఏళ్ల తరబడి అడిగినా ఇవ్వనిది, మారుమాట లేకుండా ఇచ్చేశారు.

ఆ తర్వాతే చికిత్స నిలబడింది. మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఇసిహెచ్‌ఎస్ 2003 నుంచి ఉంది. హవల్దారుగారికి కార్డూ ఉంది. కానీ మోకాళ్ల నొప్పికి తప్ప వాడలేదు. సుబేదారుగారు వెంట ఉండి మానసిక వైద్యుడికి చూపించారు. తాగుడు ఆగి ఆరు వారాలు గడిచాక వైద్యుడు తీరికగా పరీక్షించి, యుద్ధానుభవం తాలూకు ఒత్తిడి రుగ్మత కొంతమేర ఉందని, నిద్రకు, దానికి కలిపి చికిత్స మొదలుపెట్టారు. అంటే నేను మొదట రాసిన మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ మందు దిగని ఒంటి మీద, ఆధారం లేకుండా రాశాను. మద్యం మానిన తొలి వారాల్లో నిద్రలేమి, ఉలికిపాటు ఎవరికైనా ఉంటాయి. అవి సద్దుమణిగాక మిగిలేదేమిటో చూసిన తర్వాతే పేరు పెట్టాలి.

తుపాకి విషయం వేరుగా చెప్పాలి. కాస్త కోలుకోగానే ఆయన మళ్లీ బ్యాంకు కాపలా పని దొరుకుతుందని, తుపాకి విడిపించడానికి సాయం చేయమని అడిగారు. ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక వృత్తి అది. కాదంటే తాగుడుకు తిరిగి వెళ్తారేమోనన్న భయం నాకుంది. అయినా కాదన్నాను. రాత్రి రెండింటికి ఒంటరిగా లేచి తిరిగే మనిషి ఇంట్లో తుపాకి ఉండకూడదు. నా భయం కాపలా యువకుడి గురించి కాదు, హవల్దారుగారి గురించే. ఆ మాట ఆయన ముఖం మీదే చెప్పాను. తుపాకి విడిపించడానికి ఎవరైనా ప్రయత్నిస్తే, ఇవ్వవద్దని లైసెన్సింగ్ అధికారికి రాస్తానని కూడా చెప్పాను. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాత లైసెన్సు వదులుకుంటున్నట్టు తానే ఉత్తరం రాసి తెచ్చి, ‘పోస్టు చేయించమ్మా’ అన్నారు. ఎందుకు మారారో అడగలేదు.

కోర్టులో

గాయం ధ్రువపత్రం చూశాక పోలీసులు ఛార్జిషీటులో హత్యాయత్నం తీసేసి, న్యాయ సంహిత 117(2) కింద తీవ్రగాయం పెట్టారు. దీనికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. న్యాయవాది రెండు దారులు చూపించారు. విచారణకు వెళ్లి పోరాడటం ఒకటి. ప్లీ బార్గెయినింగ్ రెండోది. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాల్లో నిందితుడు తానే తప్పు ఒప్పుకుని దరఖాస్తు పెడితే, బాధితుడు, ప్రాసిక్యూటర్, దర్యాప్తు అధికారి అందరూ కూర్చుని పరిష్కారం కుదుర్చుకునే పద్ధతి ఇది. భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం అభియోగం నమోదైన 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. కుదిరితే బాధితుడికి పరిహారం, నిందితుడికి ప్రొబేషన్, అంటే జైలుకు బదులు మంచి నడవడి షరతు మీద విడుదల, రావచ్చు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, అలా విడుదలైన మనిషికి దోషిగా తేలినందువల్ల వచ్చే అనర్హతలు అంటవు. తీవ్ర నేరంలో శిక్షపడితే పెన్షన్ మీద వేటుపడే వీలున్న మాజీ సైనికుడికి ఇది చిన్న సంగతి కాదు.

హవల్దారుగారు ఒప్పుకోలేదు. ‘నా చేను పాడుచేసినవాడు దర్జాగా తిరుగుతున్నాడు. నేను నేరస్థుణ్నని కోర్టులో చెప్పాలా?’

ఆయన మనసు మార్చింది మా వాదన కాదు. బాధితుడికి అందే సాయం గురించి చెప్పడానికి న్యాయ సేవాధికార సంస్థ ఒక పారా లీగల్ వాలంటీరును కాపలా యువకుడి ఇంటికి పంపింది. అప్పటికి ఘటన జరిగి ఐదు నెలలు. అతను లంక గ్రామం కుర్రవాడు. నెల జీతానికి చెరువు గట్టు మీది పాకలో పడుకుంటాడు. చెరువు అతనిది కాదు, ఉప్పునీరు వదిలింది అతను కాదు. ఆ వాలంటీరుతో అతనన్న మాట ఇది: ‘ఆయన సైనికుడండీ, దేశానికి కాపలా కాశాడు అని అందరూ చెబుతున్నారు. నేను కూడా కాపలాయే కదండీ కాస్తున్నాను.’

ఆ మాట సుబేదారుగారు హవల్దారుగారికి చేరవేశారు. నేను పక్కనే ఉన్నాను. చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నారు. సైన్యంలో కాపలా మీద ఉన్న సంత్రీ మీద చెయ్యి వేయడం మామూలు కొట్లాట కాదు. సైన్య చట్టంలో దానికి వేరే సెక్షనే ఉంది. 24 ఏళ్లు పనిచేసిన మనిషికి అది ఎవరూ చెప్పనక్కర్లేదు. చివరికి, ‘డ్యూటీలో ఉన్న సంత్రీని కొట్టాను సాబ్’ అన్నారు. వారం తిరగకుండా దరఖాస్తు మీద సంతకం పెట్టారు. ఇష్టపూర్వకంగానే పెట్టావా అని మెజిస్ట్రేటు ఆయన్ని ఒంటరిగా పిలిచి అడిగినప్పుడు కూడా ఇదే మాట చెప్పానని తర్వాత నాతో అన్నారు.

సమావేశంలో ఆసుపత్రి ఖర్చు, పని పోయిన నెలల జీతం కలిపి 1,20,000 రూపాయలు రెండు విడతల్లో ఇవ్వడానికి కుదిరింది. చెరువు ఆసామి కేసులో పార్టీ కాదు. అయినా కాపలా యువకుడే పట్టుబట్టి ఆయన్ని ఒప్పించి, చేను వైపు టపాకాయలు మాన్పించి, పక్షుల కోసం వలలు, మెరుపు రిబ్బన్లు కట్టించాడు. 2025 ఆగస్టులో కోర్టు రెండేళ్ల ప్రొబేషన్ ఇచ్చింది, జిల్లా ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో.

నేను నేర్చుకున్నవి

అమెరికాలో 2008లో బఫెలో నగరంలో రాబర్ట్ రసెల్ అనే జడ్జి మాజీ సైనికుల కోసం ప్రత్యేక కోర్టు మొదలుపెట్టారు. చికిత్స, పర్యవేక్షణ, తోడుగా మరో మాజీ సైనికుడు, అన్నీ ఒకే గదిలో. మనకు ఆ గది లేదు. కానీ ముక్కలన్నీ ఉన్నాయి: న్యాయ సేవాధికార సంస్థ, సైనిక సంక్షేమ కార్యాలయం, ఇసిహెచ్‌ఎస్, ప్రొబేషన్ అధికారి. ఒకరి ఊసు ఒకరికి తెలియదు. హవల్దారుగారు సైనికుడని సబ్‌జైలు రిజిస్టరులో ఎక్కడా లేదు. వృత్తి దగ్గర ‘వ్యవసాయం’ అని రాసి ఉంది. 2025 జూలై 26న జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) సైనికులకు, వారి కుటుంబాలకు న్యాయ సహాయం కోసం వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించి, సైనిక బోర్డుల దగ్గర న్యాయ సహాయ క్లినిక్‌లు పెట్టడం మొదలైంది. ఆ క్లినిక్ గుమ్మం దాకా రాలేని మనిషి లోపల లేసులు కడుతూ కూర్చుని ఉంటాడు. అందుకే మా జైలు సందర్శన పత్రంలో ‘సైన్యంలో గాని పారామిలిటరీలో గాని పనిచేశారా?’ అన్న ప్రశ్న చేర్చాం. దాని పక్కనే ‘పెన్షన్ ఆగిందా?’ అన్నది కూడా.

అయితే సర్వీసు గురించి అడగడం వేరు, దాన్ని చేసిన పనికి కారణంగా చూపడం వేరు. ఈ కేసులో సైన్యం పనికొచ్చింది సాకుగా కాదు. సుబేదారు పిలిస్తే లేచి నిలబడటానికి, సంత్రీ అన్న మాట గుండెకు తగలడానికి.

బాధితుడి దగ్గరికి ఐదు నెలల దాకా ఎవరం వెళ్లకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. బాధితుల పరిహార పథకం కింద అతనికి మధ్యంతర సాయం అడిగే వీలుంది. మేము హవల్దారుగారి చుట్టూ తిరుగుతూ ఉండిపోయాం. అతని ముంజేయి పూర్తిగా తిరగడం లేదు. విసురువల వేయలేకపోతున్నాడు. చెరువు పని లేని రోజుల్లో ఇంటికి అదే ఆధారంగా ఉండేది. ఫిజియోథెరపీకి ఇప్పుడు వెళ్తున్నాడు, ఆలస్యంగా.

హవల్దారుగారు సొంత ఊరికి తిరిగి వచ్చారు. చేలో ఉప్పు సమస్య తీరలేదు. అర్జీ మళ్లీ పెట్టాం, ఈసారి న్యాయవాది చేత. రాత్రి రెండింటికి ఇంకా మెలకువ వస్తుందట, కానీ టార్చి పట్టుకుని బయటికి వెళ్లడం లేదు. మధ్యలో ఒకసారి, సంక్రాంతికి, తాగారు. మరునాడు ఉదయం ప్రొబేషన్ అధికారికి తానే ఫోను చేసి చెప్పారు. మొన్న నవంబరులో సుబేదారుగారితో కలిసి చుట్టుపక్కల ఊళ్లకు తిరిగి, ముసలి పెన్షనర్లకు, సైనికుల వితంతువులకు జీవన ప్రమాణ పత్రాలు చేయించారు. పొలం పనులతో వేలిముద్రలు అరిగిపోయిన ఒక పెద్దామెను నీడలో నిలబెట్టి, ఫోను ఎత్తి పట్టుకుని, ‘రెప్ప ఆర్పండమ్మా’ అంటుంటే నేను చూశాను. చెయ్యి కొద్దిగా వణికింది. మూడోసారికి ఫొటో పడింది.